టీసీ చేతిలో పెడితే తప్పు తీరిపోయినట్టేనా?

హాస్టల్ నుంచి తండాకో గూడానికో ఫోన్ వస్తుంది. "మీవాడు ఇంకో పిల్లోని తల పగలగొట్టినాడు, వచ్చి తీసుకోని పోండి" అంటారు. తండ్రి ఆ రోజు కూలి వదులుకుంటాడు. రెండు బస్సులు మారి వస్తాడు. ఆఫీసు రూములో నిలబడే వింటాడు, కుర్చీ ఎవరూ చూపించరు. కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. పిల్లోడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకోని తండ్రి వెనకాలే గేటు దాటుతాడు. ఆత్మకూరులో కానీ, ఆదోనిలో కానీ, రాయచోటిలో కానీ హాస్టల్లో ఉండి చదువుకున్న మన వాళ్లను ఎవరినైనా అడగండి. ఇది వాళ్లకు కొత్త సంగతి కాదు.

ఆ ఆఫీసు రూములో పిల్లోన్ని అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఎందుకు కొట్టినావురా?" పిల్లోడు తల వంచుకోని నిలబడతాడు. ఏమని చెప్తాడు? ఆర్నెల్ల నుంచి తనకు పేరే లేదని చెప్తాడా? తరగతిలో వాని పేరు "ఏయ్ చెంచూ". అన్నం కాడ "ఏం రా, ఈ పొద్దు ఉడుము కూర లేదే" అని నవ్వు. రాత్రి ఎవరిదైనా సబ్బు పోయినా, పెన్ను పోయినా అందరికంటే ముందు తెరిచేది వాని పెట్టె. ఈ ఆర్నెల్లు ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు. పగిలిన తల ఒక్కటే ఎక్కుతుంది.

దీన్ని "పిల్లల ఆటలు లే" అని కొట్టిపారేసే వాళ్లకు ముందు ఒక మాట. ఎరుకల పిల్లోని పెట్టె మొదట ఎందుకు తెరుస్తారో ఆ పిల్లలకు తెలియకపోవచ్చు, చరిత్రకు తెలుసు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించినారు. అప్పుడు మన సీమ కూడా అందులోదే. పుట్టుకతోనే దొంగ అని కాగితం మీద రాసి, వేలిముద్రలు తీసుకోని, సెటిల్మెంట్లలో పెట్టినారు. స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు, అప్పటి మన కర్నూలు జిల్లాలోని సిద్ధాపురం పేరు ఎంతమందికి తెలుసు? స్వాతంత్ర్యం వచ్చిన అయిదేండ్లకు, 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేసినారు. చట్టంలో తీసేసినారు. బడిలో ఇంకా ఉంది. పదేండ్ల పిల్లోడు పక్క పిల్లోన్ని "దొంగ ఎరుకలోడా" అన్నాడంటే, ఆ తిట్టు వాని నోట్లో పుట్టిందేం కాదు. ఇంట్లో వినింటాడు, సినిమాలో చూసింటాడు, ఒక్కోసారి పంతులు నోటి నుంచే వినింటాడు.

సుగాలి పిల్లలది ఇంకో రకం బాధ. ఆదోని, కోసిగి, పత్తికొండ దిక్కు తండాల నుంచి అమ్మానాయన సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి. పిల్లలూ వెంట పోతారు. మూడు నాలుగు నెలలకు తిరిగొచ్చేసరికి ఎక్కాలు దాటిపోయింటాయి, పద్యాలు దాటిపోయింటాయి. తెలుగు మాట్లాడితే గోర్‌బోలి యాస వస్తుంది. దానికి తరగతంతా నవ్వుతుంది. టీచరు కూడా చిన్నగా నవ్వితే చాలు, ఇంక మిగిలిన వాళ్లకు లైసెన్సు దొరికినట్టే.

మరి ఇది బయటపడితే బడి ఏం చేస్తుంది? రెండే మందులు ఉన్నాయి వాళ్ల దగ్గర.

ఒకటి టీసీ. విద్యా హక్కు చట్టం, 2009 సెక్షన్ 16 చూడండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసెయ్యగూడదు. మరి ఎట్ల తీసేస్తాండారు? తీసెయ్యరు. తండ్రి చేతనే అడిగిస్తారు. పైన చెప్పిన ఆ కాగితం అదే. "మా సొంత ఇష్టంతో తీసుకుపోతున్నాము" అని రాసింటారు, చదువురాని తండ్రి వేలిముద్ర వేస్తాడు, చట్టం ఉల్లంఘన అయినట్టు యాడా కనపడదు. పంపిన తర్వాత ఆ పిల్లోడు గొర్రెల వెనక పోయినాడా, ఇటుక బట్టీకి పోయినాడా అని బడికి పట్టదు. వాన్ని ఏడిపించిన నలుగురు మాత్రం మరుసటి వారం ఇంకొకన్ని చూసుకుంటారు.

రెండోది రాజీ. "ఇద్దరూ చేతులు కలపండి, సారీ చెప్పుకోండి, అయిపోయింది పోండి." అయిదు నిమిషాల పని. దీన్నే కొందరు ఇప్పుడు కౌన్సెలింగ్ అంటాండారు.

కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టినోళ్లకు రాజీ అంటే ఏందో ఒకరు చెప్పాల్నా? ఫ్యాక్షన్ ఊర్లల్లో ఎన్ని రాజీలు చూసినాం! బలమున్నోడు మనిషిని పంపిస్తాడు. సాక్షి కోర్టులో "నేనేం చూడలేదు సామీ" అంటాడు. కేసు కొట్టేస్తారు. చచ్చినోని పెండ్లాం ఏమనుకుంటాంది అని ఎవరూ అడగరు. రాజీ అంటే నిజం మీద మన్ను కప్పి దాని మీద కుర్చీలేసుకోని కూర్చోవడం. బడిలో జరిగేదీ అదే, సైజు చిన్నది.

సైజు చిన్నదైనా ఫలితం చిన్నది కాదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చదువుతున్న మన లంబాడీ ఆడబిడ్డ డాక్టర్ ధరావత్ ప్రీతిని తలుచుకోండి. సీనియర్ వేధిస్తాండాడని పెద్దల దాకా ఫిర్యాదు పోయింది. పిలిచి మాట్లాడినారు. ఆ తర్వాత రోజుల్లోనే ఆ బిడ్డ ప్రాణం పోయింది. పోలీసులు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద, ర్యాగింగ్ నిషేధ చట్టం కింద కేసు పెట్టినారు. అంతకు నాలుగేండ్ల ముందు, 2019 మేలో, ముంబైలో భిల్లుల బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వీ. ఇద్దరూ డాక్టర్లు. ఎన్ని హాస్టళ్లు, ఎన్ని వెక్కిరింతలు దాటుకోని అంత దూరం పోయింటారు! ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచీ ఉంది. గోడ మీద బోర్డు కూడా ఉంటుంది.

అందుకే నేను అడిగేది మూడో దారి. దానికి ఇంగ్లీషులో రెస్టోరేటివ్ అని పేరు పెట్టినారు, తెలుగు పుస్తకాల్లో పునరుద్ధరణ న్యాయం అని రాస్తారు. ఆ పెద్ద మాట చూసి భయపడొద్దు. మన ఇండ్లల్లో దీనికి ఇంకో పేరుంది: తప్పు కట్టించి కలుపుకోవడం.

చెంచు గూడెంలో పెద్దమనిషి, సుగాలి తండాలో నాయక్, కార్‌భారి, ఎరుకల కుల పంచాయితీలో పెద్దలు. ఎవరైనా తప్పు చేస్తే కూర్చోబెడతారు. దెబ్బ తగిలినోడు చెప్తాడు, తగిలించినోడు వింటాడు, వాళ్ల వాళ్లూ ఉంటారు. తప్పు ఎంతో తేలుస్తారు, కట్టిస్తారు. అంతా అయినాక కలుపుకుంటారు. వెలి వెయ్యడం మన పెద్దలకూ తెలుసు, కానీ వెలి దగ్గర ఆగరు, తిరిగి కలుపుకునే దారి ఒకటి పెట్టింటారు. బడికి వెలి ఒక్కటే తెలుసు. దానికి టీసీ అని పేరు.

ఇది మన ఒక్కరి సంగతి కూడా కాదు. న్యూజిలాండ్‌లో మావోరీలు తమ పిల్లలను తెల్లోళ్ల కోర్టులు, హోములు మింగేస్తాండాయని కొట్లాడితే, 1989లో అక్కడ చట్టం మారింది. తప్పు చేసిన పిల్లోని గురించి తేల్చడానికి వాని కుటుంబం, బంధువులు, దెబ్బతిన్నవాళ్లు అందరూ కూర్చోవాలని రాసినారు. అమెరికాలో నవాహో ఆదివాసులు 1982లో తమ పాత పద్ధతిలో శాంతి కుదిర్చే కోర్టు పెట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో 1994లో ఒక హైస్కూల్లో ఈ పద్ధతి మొదలుపెట్టినాక, అక్కడి నుంచి చానా దేశాల బళ్లకు పాకింది. ఇప్పుడు ఢిల్లీలో, బెంగళూరులో పెద్ద ఫీజుల బళ్లకు ట్రైనర్లు వచ్చి ఇదే నేర్పిస్తే, విదేశాల నుంచి వచ్చిన విద్య అనుకుంటారు. ఆదివాసుల దగ్గర తీసుకున్న దాన్ని ఆదివాసీ పిల్లలుండే హాస్టల్లోకి తప్ప అన్ని చోట్లకూ తీసుకుపోతాండారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

సరే, ఆ తల పగిలిన కేసునే తీసుకుందాం. ఎట్ల కూర్చోవాల?

మొదట ఎవరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టగూడదు. చెంచు పిల్లోనితో విడిగా మాట్లాడాల, వాడు నమ్మే మనిషి మాట్లాడాల. వాడు "నేను వాళ్ల ముందర కూర్చోను" అంటే ఆ మాట చెల్లాల, బలవంతం పనికిరాదు. తల పగిలిన పిల్లోనితోనూ విడిగా. వానికీ నొప్పి ఉంది, వాని తల్లికీ భయం ఉంది. తర్వాత మిగిలిన నలుగురితో. ఇట్ల మూడు నాలుగు రోజులు పడుతుంది. అయిదు నిమిషాల్లో అయిపోతే అది రాజీ అని గుర్తు పెట్టుకోండి.

తర్వాత గుండ్రంగా కూర్చోవాల. ఇద్దరు పిల్లలు, వాళ్ల ఇంటి పెద్దలు, వార్డెన్, ఒక టీచరు, గూడెం నుంచి ఒక పెద్ద, ఒక ఆడమనిషి తప్పకుండా. అందరికీ ఒకే రకం కుర్చీ, లేదంటే అందరూ కిందనే. "ఎందుకు చేసినావు" అనే పోలీసు ప్రశ్న పక్కన పెట్టాల. ఏం జరిగింది, దాని వల్ల ఎవరికి ఏం పోయింది, ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాల అని అడగాల. ఆర్నెల్ల వెక్కిరింత అప్పుడు బయటికొస్తుంది. పెట్టె వెతికిన సంగతి వస్తుంది. ఆ పెట్టె వెతికింది పిల్లలు కాదు, వార్డెనే అని కూడా వస్తుంది. ఇంతకాలం బడి ఈ కూర్చోవడం జరగనియ్యకపోవడానికి నాకు కనపడే కారణం ఇదే. కూర్చుంటే బడి తప్పూ తేలుతుంది.

తేలినాక కట్టాల. తల పగలగొట్టినోడు ఆ పిల్లోని తల్లి ముందర తప్పు ఒప్పుకోవాల. ఏడిపించిన నలుగురు ఏ మాటలు అన్నారో ఆ మాటలు చెప్పి, ఇంక అనమని చెప్పాల. "ఏదైనా తప్పుగా అనింటే సారీ" అనేది చెల్లదు. వార్డెన్ ప్రార్థన కాడ అందరి ముందర చెప్పాల, ఇక మీద ఏదైనా పోతే అందరి పెట్టెలూ చూస్తాము, ఒక్కనిదే చూడము అని. ఇదంతా కాగితం మీద ఎక్కాల, ఒక కాపీ తండ్రి చేతికి రావాల, ఆయనకు చదివి వినిపించాల. పదిహేను రోజులకొకసారి, నెలకొకసారి మళ్లీ అడగాల. మాట తప్పితే ఆ కాగితమే పట్టుకోని జిల్లా గిరిజన సంక్షేమ అధికారి దగ్గరికి, శ్రీశైలం ఐటీడీఏ కింద ఉండే చెంచు పిల్లలైతే పీఓ దగ్గరికి పోవచ్చు.

ఇది మంత్రం కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో 44 బళ్లను పెట్టుకోని చూసిన పరిశీలన 2018లో వచ్చింది. సస్పెన్షన్లు తగ్గినాయి, టీచర్లు బడి వాతావరణం బాగైందన్నారు. కానీ 6 నుంచి 8 తరగతుల పిల్లల చదువు ఫలితాలు కిందికి పడినాయి. కాబట్టి "ఒక రోజు ట్రైనింగ్ ఇచ్చినాం, సర్కిల్ పెట్టినాం, ఫోటో దిగినాం" అంటే ఒప్పుకోవద్దు. మనుషులు కావాల, టైము కావాల. వందల మంది పిల్లలకు ఒక్క వార్డెన్‌ను పెట్టి, ఆయన నెత్తిన ఇది కూడా వెయ్యడం కుదరదు.

ఇప్పుడు మీలో కొందరికి కాలుతాంటుంది, నాకు తెలుసు. "ఇదంతా మెత్తటి మాటలన్నా, ఎస్సీ, ఎస్టీ చట్టం ఉంది, కేసు పెట్టాల్సిందే" అని. ఆ చట్టాన్ని తక్కువ చేసే వాడు మనవాడు కాదు. సెక్షన్ 3లో కులం పేరు పెట్టి పదిమందిలో తిట్టడం నేరం. తిట్టింది టీచరైతే, వార్డెనైతే, ఆ మనిషితో సర్కిల్‌లో కూర్చోవాల్సిన పని మన పిల్లలకు లేదు. అది నేరుగా స్టేషన్‌కు పోవాల్సిన సంగతి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగితే పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ చెప్పి తీరాల, దాచిపెట్టినోడూ శిక్షకు అర్హుడే. అక్కడ పంచాయితీ మాటే ఎత్తగూడదు. 2017 ఆగస్టులో కర్నూలులో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్ హాస్టల్లో మన సుగాలి బిడ్డ చనిపోయింది. చంపేసినారని ఆ తల్లిదండ్రులు అప్పటి నుంచి ప్రభుత్వాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతాండారు. అట్లాంటి చోట ఎవడైనా "మాట్లాడుకుందాం" అంటే వాని మొహం మీదే తలుపు వెయ్యండి.

కానీ తిట్టినోడు పన్నెండేండ్ల పిల్లోడైతే? వాడు పోయేది బాలల న్యాయ చట్టం కింద బోర్డు ముందుకు. అది అయ్యేలోపల మన పిల్లోడు అదే హాస్టల్లో, అదే రూములో, వాని స్నేహితుల మధ్యన పడుకోవాల. కేసు పెట్టే హక్కును ఎవరి కాళ్ల దగ్గరా పెట్టొద్దు. కూర్చోవడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు అని ఆ కాగితంలోనే రాయించండి. ఆ రాత్రి నుంచి పిల్లోడు భయం లేకుండా పడుకోవడం ఎట్ల అనేది మాత్రం ఎఫ్ఐఆర్ చెప్పదు.

ఇంకో మాట, ఇది లోపలి మాట. మన పంచాయితీలు దేవుళ్లు కూర్చునే చోటేమీ కాదు. ఆడమనిషిని నిలబెట్టి, మగాళ్లే తీర్పు చెప్పిన పంచాయితీలు ఉన్నాయి. కట్టించిన తప్పు డబ్బు ఆ సాయంత్రమే సారా అయిపోయినవి ఉన్నాయి. ప్రేమించిన పిల్లలను వెలేసినవి ఉన్నాయి. అవన్నీ బడిలోకి మోసుకుపోదామని నేను చెప్పడం లేదు. కలుపుకునే పద్ధతి తీసుకుందాం, మీసాలను గూడెంలోనే వదిలేసి వద్దాం.

ఇంకా లోపలి మాట. ఎస్టీ హాస్టల్లో ఎవరు ఎవరిని ఏడిపిస్తారు? అక్కడ రెడ్ల పిల్లలు, బలిజ పిల్లలు లేరు కదా. సుగాలి పిల్లలు ఎక్కువ ఉన్న చోట చెంచు పిల్లోడు ఒంటరి. అయిదుమంది యానాది పిల్లలుంటే వాళ్లది ఒక మూల. సీనియర్ల బట్టలు ఉతకాల, బకెట్లో నీళ్లు మోయాల, రాత్రి కాళ్లు పట్టాల. "మేమూ ఉతికినాం, ఇప్పుడు వీళ్లు ఉతకాల" అనే లెక్క. ఈ పేజీ చదివే తమ్ముళ్లలో ఆ లెక్క తెలియనోడు ఎవరు? రాజ్యాంగం మీద, అటవీ హక్కుల మీద గట్టిగా మాట్లాడే సీనియర్ అన్న, చెంచు పిల్లోన్ని "లే, నీళ్లు తేపో" అంటే ఆ పిల్లోడు మన ఉద్యమం గురించి ఏం నేర్చుకుంటాడు? బయటోడు "అడవోడా" అన్నప్పుడు లేచే నోరు, మనోడు అన్నప్పుడు ఎందుకు లెయ్యదు?

ఇప్పుడు చెయ్యాల్సిన పని. విద్యా హక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాల. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యను బట్టి చోటు. మీ తండా పిల్లలు పోయే బడి కమిటీలో మనోళ్లు ఎంతమంది ఉన్నారు? ఉంటే, వాళ్లను మీటింగుకు పిలుస్తాండారా, ఇంటికి పుస్తకం పంపి సంతకం తీసుకుంటాండారా? 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టినారు. అట్లాంటిది మళ్లీ పెట్టిన రోజు తండా నుంచి ముగ్గురు తల్లులను తీసుకోని మీరూ పోండి. మార్కుల గురించి వాళ్లే చెప్తారు, మీరు అడగాల్సింది గొడవ జరిగితే మీ బడి ఏం చేస్తుందని. టీసీకి ముందు కూర్చోబెట్టి మాట్లాడాల, గూడెం పెద్ద ఉండాల, కాగితం కాపీ ఇయ్యాల అని తీర్మానం రాయించండి. రాయనంటే, రాయమన్నామని మినిట్స్‌లో రాయమనండి.

హాస్టళ్లకు సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. రెండే ప్రశ్నలు వెయ్యండి: గత మూడేండ్లలో ఎంతమంది ఎస్టీ పిల్లలు మధ్యలో టీసీ తీసుకుపోయినారు, ఏ తరగతిలో. పిల్లల మీద వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చినాయి, ఒక్కోదాని మీద ఏం చేసినారు. రెండో ప్రశ్నకు "లేవు" అనే జవాబు వస్తే సంతోషపడొద్దు, మొదటి ప్రశ్న జవాబు పక్కన పెట్టి చూడండి. కర్నూలు, నంద్యాల, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి వచ్చిన జవాబులు, పిల్లల పేర్లు తీసేసి, ఇక్కడికి పంపండి. జూన్‌లో బళ్లు తెరిచేలోపల మండలాల వారీగా పెడదాం.